డ్రాప్ బార్ ఎడమ షిఫ్టర్ చాలా గట్టిగా ఉంది, తేలిక చేసుకోవడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: ఫ్లాట్ బార్ సైకిల్ నుంచి కొత్తగా డ్రాప్ బార్‌కి (కిందికి వంగిన హ్యాండిల్) మారారు, ముందు రెండు రింగులు (పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రాలు), షిమానో కేబుల్ షిఫ్టర్లు (గేరు మార్చే లివర్లు), చేతులు చిన్నవి. చిన్న రింగు నుంచి పెద్ద రింగుకి ఎక్కించాలంటే ఎడమ లివర్ మొరాయిస్తోంది, ఒక్కోసారి కుడి చెయ్యి కూడా తెచ్చి తోయాల్సొస్తోంది. షిఫ్టర్‌లో ఏదన్నా స్క్రూ తిప్పితే తేలికవుతుందా, లేక షిఫ్టరే మార్చేయాలా అని.

సూటిగా చెప్పాలంటే షిఫ్టర్‌లో లివర్ బరువు తగ్గించే స్క్రూ అంటూ ఏదీ ఉండదు. ఉన్నదల్లా రీచ్ స్క్రూ, అంటే లివర్‌ని బార్‌కి దగ్గరగా తెచ్చేది, చిన్న చేతులకి అది బాగా పనికొస్తుంది కానీ అసలు జబ్బు అది కాదు. బరువు అంతా కేబుల్ దారిలోనో, కేబుల్ అవతలి చివర ఫ్రంట్ డీరైలర్ (చైన్‌ని ఒక రింగు నుంచి ఇంకో రింగుకి జరిపే భాగం) దగ్గరో ఉంటుంది. షిఫ్టర్ మార్చాల్సి రావడం చాలా అరుదు. మార్చినా పాత కేబుల్, పాత సెట్టింగ్ అలాగే ఉంచితే కొత్త షిఫ్టర్ కూడా అంతే గట్టిగా ఉంటుంది, డబ్బులు దండగ.

నేను చాలా ఏళ్ళుగా సైకిళ్ళు రిపేర్ చేస్తున్నాను, ఈ కంప్లయింట్ తరచూ వస్తుంది. అందుకే ఏ వరసలో చూస్తానో అదే వరసలో రాస్తున్నా, మీరూ అదే వరసలో వెళ్ళండి. రీచ్ స్క్రూతో మొదలుపెట్టొద్దు, అది ఆఖర్న.

అసలు ముందు గేరు ఎందుకు బరువో ఒక్క మాట. వెనక డీరైలర్ చైన్‌ని కింది వైపు, వదులుగా వేలాడే భాగంలో పక్కకి జరుపుతుంది, అక్కడ చైన్ మీద లాగుడు పెద్దగా ఉండదు. ఫ్రంట్ డీరైలర్ పని చేసేది పై భాగం మీద, మీ కాళ్ళ బలం మొత్తం వెనక చక్రానికి మోసుకెళ్ళే బిగువైన భాగం అది. దాన్ని పక్కకి తోసి, పదహారు పళ్ళు ఎక్కువున్న రింగు మీదికి ఎక్కించాలి, 50-34 అయినా 52-36 అయినా తేడా పదహారే. దానికి తోడు డీరైలర్‌లో ఉన్న స్ప్రింగ్ కేజ్‌ని, అంటే చైన్ మధ్యలోంచి వెళ్ళే రెండు రేకుల చట్రాన్ని, ఎప్పుడూ లోపలికి, చిన్న రింగు వైపుకే లాగుతుంటుంది కాబట్టి పెద్ద రింగుకి వెళ్ళేటప్పుడు ఆ స్ప్రింగ్‌తో కూడా పోరాడాలి. కాబట్టి కుడి లివర్ అంత తేలిగ్గా ఎడమది ఎప్పటికీ ఉండదు, ఆ ఆశ వదులుకోండి. కానీ రెండు చేతులూ పెట్టి తోయాల్సినంత గట్టిగా మాత్రం ఉండకూడదు, ఉందంటే ఎక్కడో తప్పుంది.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

ఇది చెయ్యకుండా స్క్రూలు తిప్పడం మొదలుపెడితే ఉన్న సెట్టింగ్ కూడా పోతుంది. సైకిల్‌ని స్టాండ్‌కి ఎక్కించండి, స్టాండ్ లేకపోతే వెనక చక్రం గాల్లో ఉండేలా ఎవరినన్నా పట్టుకోమనండి. చైన్‌ని చిన్న రింగులోకి దించి, లోపలి చిన్న లివర్‌ని ఇంకో రెండు మూడు సార్లు నొక్కండి, కేబుల్ పూర్తిగా వదిలేసిన పొజిషన్‌కి రావాలి. ఇప్పుడు డీరైలర్ దగ్గర కేబుల్‌ని నొక్కి పట్టిన బోల్ట్ వదులు చేసి కేబుల్ బయటికి తీయండి. చివరన ఉన్న చిన్న అల్యూమినియం టోపీ అంత తేలిగ్గా రాదు, దాన్ని పీకాల్సిన పని కూడా లేదు, ఉంటే కేబుల్ పీచులు విడిపోకుండా కాపాడుతుంది.

కేబుల్ చివరని ఒక చేత్తో ప్లయర్‌తో బిగువుగా పట్టుకుని, రెండో చేత్తో ఎడమ లివర్ తోయండి (చెయ్యి అందకపోతే ఇంకొకరిని తోయమనండి). బాగున్న కేబుల్ మీ పట్టులోంచి మెత్తగా లోపలికి జారుతుంది, క్లిక్‌లు స్పష్టంగా తెలుస్తాయి, మళ్ళీ వదిలితే అంతే మెత్తగా వెనక్కి వస్తుంది. పాడైన కేబుల్ అయితే గరగరమంటూ ఆగి ఆగి కదులుతుంది, లేదా లివర్ వదిలినా కేబుల్ వెనక్కి రావడానికి మీరు లాగాల్సొస్తుంది. అలా ఉంటే జబ్బు కేబుల్‌లోనే, డీరైలర్‌ని ముట్టుకోవద్దు.

రెండోది, కేబుల్ బయటికి ఉండగానే డీరైలర్ కేజ్‌ని బొటనవేలితో బయటికి నెట్టండి. స్ప్రింగ్ గట్టిగానే ఉంటుంది, అది మామూలే, కానీ మొదటి నుంచి చివరిదాకా ఒకే రకంగా ఉండాలి, వదిలితే టక్కున లోపలికి వచ్చేయాలి. నెమ్మదిగా పాకుతూ వస్తే, మధ్యలో ఆగితే కీళ్ళలో తుప్పో ఎండిపోయిన మట్టో ఉన్నట్టు. బ్రష్‌తో శుభ్రం చేసి ప్రతి కీలు మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, కేజ్‌ని అటూ ఇటూ ఒక పాతిక సార్లు ఆడించి, బయటికి కారిన ఆయిల్ తుడిచేయండి. వానలో తిరిగిన సైకిళ్ళలో ఒక్కోసారి ఇంతటితోనే సగం బరువు దిగిపోతుంది. కీళ్ళు బిగిసిపోయి ఆయిల్‌కి కూడా లొంగకపోతే డీరైలర్ మార్చడమే, షిఫ్టర్‌తో పోలిస్తే అది చవక.

రెండూ బాగున్నాయంటే ఇక మిగిలింది సెట్టింగ్.

కేబుల్ అయితే

సగం పైన కేసులు ఇవే. ఇన్నర్ (లోపలి తీగ) మాత్రం మార్చి అవుటర్ (దాని పై తొడుగు) ఉంచేద్దాం అనుకోవద్దు, రాపిడి ఎక్కువగా అవుటర్ లోపలి ప్లాస్టిక్ గొట్టంలోనే ఉంటుంది, రెండూ కలిపి మార్చండి. అవుటర్ గేర్లకి వాడే 4 ఎంఎం రకమే కావాలి. బ్రేకులకి వాడే లావు అవుటర్‌లో తీగ స్ప్రింగ్‌లా చుట్టి ఉంటుంది, లాగితే అది కుదించుకుపోయి మీ వేలి బలంలో కొంత అక్కడే పోతుంది. గేరు అవుటర్‌లో తీగలు పొడవునా ఉంటాయి, కుదించుకోదు.

కోసేటప్పుడు చివర నిట్టనిలువుగా, సమంగా తెగాలి. కోశాక లోపలి గొట్టం నలిగి మూసుకుపోతుంది, దాన్ని సూది లాంటి దానితో మళ్ళీ గుండ్రంగా తెరవాలి. ఇది చాలామంది చెయ్యరు, అందుకే "కొత్త కేబుల్ వేయించినా అలాగే ఉంది" అని మళ్ళీ వస్తారు. చూడండి ఒకసారి కోసిన చివరని వెలుతురులో, నలిగిన ప్లాస్టిక్ అంచు కేబుల్‌ని గీకుతూ కనిపిస్తుంది.

డ్రాప్ బార్‌లో ఇంకో చిక్కు ఏంటంటే కేబుల్ షిఫ్టర్ లోంచి బయటికి రాగానే బార్ టేప్ కింద వంపు తిరిగి వెళ్తుంది. ఆ వంపు ఎంత మెల్లగా తిరిగితే అంత మంచిది. టేప్ చుట్టేటప్పుడు అవుటర్ బార్‌కి అతుక్కోకుండా పక్కకి లేచి, షిఫ్టర్ మూతి దగ్గర మడత పడి ఉంటే ఎంత మంచి కేబుల్ అయినా బరువే. ఆ మడత బయటికి కనిపించదు, వేళ్ళతో టేప్ మీద తడిమితే గడ్డలా తగులుతుంది. బార్ నుంచి ఫ్రేమ్‌కి వెళ్ళే ముక్క కూడా చూడండి, హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పినా ఎడమకి తిప్పినా లాగినట్టు ఉండకూడదు, అలాగని పెద్ద ఉచ్చులా వేలాడకూడదు.

ఫ్రేమ్ కింద బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు ఉండే చోటు) దగ్గర కేబుల్ ఒక ప్లాస్టిక్ గైడ్ మీదుగా తిరుగుతుంది కదా, అక్కడ మట్టి, చక్కెర పానకం లాంటి డ్రింకులు బాటిల్ నుంచి కారి గట్టిపడిపోయి ఉంటాయి. సైకిల్ తిరగేసి చూస్తే తెలిసిపోతుంది. కడిగి తుడవండి, గైడ్‌లో కేబుల్ లోతుగా కోసుకుపోయి గాడి పడి ఉంటే గైడ్ మార్చండి, చాలా చిన్న పార్ట్.

పైపూత ఉన్న కేబుళ్ళ గురించి నా అభిప్రాయం, కొత్తలో నిజంగానే వెన్నలా ఉంటాయి, కానీ కొన్నాళ్ళకి ఆ పూత పీచులు పీచులుగా లేచి గొట్టంలో ఇరుక్కుంటుంది, అప్పుడు మామూలు స్టీల్ కేబుల్ కన్నా అన్యాయం. మామూలు నున్నటి స్టెయిన్‌లెస్ కేబుల్ వేసి టైముకి మార్చుకోవడమే నాకు నచ్చుతుంది.

కేబుల్ తీసినప్పుడు షిఫ్టర్ లోపలి చివర, గుండు ఉన్న వైపు, తప్పకుండా చూడండి. అక్కడ ఒక్క తీగ తెగి ఉన్నా మిగతావి కూడా తెగడానికి రెడీగా ఉన్నట్టే, ఆ తెగిన పీచు లోపలి పళ్ళలో ఇరుక్కుంటే అప్పుడు నిజంగానే షిఫ్టర్ పోతుంది. లివర్ ఈమధ్య రోజురోజుకీ గట్టిపడుతోంది, క్లిక్‌లు మొద్దుబారుతున్నాయి అంటే మొదటి అనుమానం దీని మీదే పెట్టండి, ఇంక నడపకండి.

సెట్టింగ్ అయితే, ముందు హెచ్ స్క్రూ

కేబుల్ తేలికే, డీరైలర్ తేలికే, కానీ రెండూ కలిపితే బరువు. ఇలాంటప్పుడు స్క్రూలన్నిట్లో నేను మొదట చూసేది హెచ్ స్క్రూ, అంటే కేజ్ బయటికి ఎంతవరకు వెళ్ళొచ్చో ఆపే లిమిట్ స్క్రూ. అది ఎక్కువగా బిగించి ఉంటే ఏమవుతుందంటే, మీరు లివర్ తోస్తారు, కేజ్ వెళ్ళి స్క్రూకి కొట్టుకుని ఆగిపోతుంది, కానీ షిఫ్టర్ లోపల క్లిక్ ఇంకా రాలేదు. మీరు ఇంకా గట్టిగా తోస్తారు. అప్పుడు మీరు కదిపేది డీరైలర్‌ని కాదు, కేబుల్‌ని సాగదీస్తున్నారు, ఫ్రేమ్‌ని వంచుతున్నారు. క్లిక్ రాక లివర్ వదిలేస్తే చైన్ మళ్ళీ కిందకి దిగిపోతుంది.

గుర్తు పట్టడం తేలిక: లివర్ మొదట్లో మామూలుగా కదిలి ఆఖర్లో గోడకి తగిలినట్టు ఆగుతుంది. మొదటి నుంచీ బరువుగా ఉంటే అది వేరే సంగతి, కింద చెప్తా. హెచ్ స్క్రూని అర చుట్టు వదులు చేసి మళ్ళీ తోయండి. క్లిక్ వచ్చేస్తే దొంగ దొరికినట్టే. ఏది హెచ్ ఏది ఎల్ (లోపలి హద్దు ఆపేది) అనేది పక్కన అక్షరం ఉంటుంది, కానీ మాసిపోయి కనపడదు, మోడల్‌ని బట్టి చోటు కూడా మారుతుంది, అందుకని తిప్పుతూ కేజ్ వైపు చూడండి, ఏది తిప్పితే బయటి హద్దు కదులుతోందో అదే.

వదులు చేసి ఊరుకోకూడదు, మళ్ళీ సరిగ్గా పెట్టాలి. ముందు పెద్ద రింగు, వెనక అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీద చైన్ ఉన్నప్పుడు చైన్‌కీ కేజ్ బయటి రేకుకీ మధ్య సందు 0 నుంచి 0.5 ఎంఎం లోపు ఉండాలి, రాసుకోకూడదు, అంతే. అంతకన్నా ఎక్కువ వదిలితే చైన్ పెద్ద రింగు దాటి క్రాంక్ మీద పడుతుంది, నడుస్తుండగా అలా పడితే ప్రమాదం.

ఆమధ్య ఒకాయన సైకిల్ తెచ్చారు, అచ్చం మీ మాటే, ఎడమ లివర్ కదలట్లేదు, కొత్త షిఫ్టర్ వేయాలని ఎవరో చెప్పారట. చూస్తే హెచ్ స్క్రూ తల దాకా బిగించి ఉంది. ఎందుకు బిగించారని అడిగితే, అంతకుముందు చైన్ బయటికి పడిపోతుండేదట, పడకుండా బిగించేశారు. చైన్ ఎందుకు పడుతోందో మాత్రం ఎవరూ చూడలేదు. పైనుంచి చూస్తే కేజ్ వెనక కొస బయటికి తిరిగి ఉంది, డీరైలర్ క్లాంప్ తిరిగిపోయింది. క్లాంప్ వదులు చేసి నిటారుగా తిప్పి, స్క్రూ వదిలి మళ్ళీ పెడితే ఒక్క వేలితో గేరు పడింది. ఆయన నమ్మలేక అక్కడే నిలబడి అటూ ఇటూ మారుస్తూనే ఉన్నారు.

అందుకే హెచ్ స్క్రూ కన్నా ముందే డీరైలర్ ఎత్తు, కోణం ఒకసారి కంటితో చూడండి. చైన్ పెద్ద రింగు మీద ఉన్నప్పుడు కేజ్ బయటి రేకు అడుగు అంచుకీ పెద్ద రింగు పళ్ళ కొసలకీ మధ్య 1 నుంచి 3 ఎంఎం ఉండాలి. మరీ పైన ఉంటే చైన్‌ని సరిగ్గా పట్టుకోలేదు, అది ఎక్కే లోపు మీరు లివర్‌ని ఇంకా ఇంకా తోస్తూ ఉంటారు. పైనుంచి చూస్తే బయటి రేకు రింగుకి సమాంతరంగా ఉండాలి. ఈ రెండూ తప్పితే మిగతా ఏ స్క్రూ తిప్పినా ఉపయోగం లేదు.

కేబుల్ బిగువు

మొదటి నుంచీ బరువుగా ఉండి, చివర క్లిక్ కూడా కష్టంగా వస్తుంటే కేబుల్ అతిగా బిగించి ఉండొచ్చు. దీనికి చిన్న పరీక్ష: కేబుల్ పూర్తిగా వదిలేసిన పొజిషన్‌లో, చైన్ చిన్న రింగు మీద ఉండగా, ఎల్ స్క్రూని పావు చుట్టు వదులు చేయండి. కేజ్ కొంచెం లోపలికి జరగాలి. జరగకపోతే దాన్ని పట్టుకుని ఆపుతున్నది స్క్రూ కాదు, కేబుల్, అంటే బిగువు ఎక్కువైంది. చూశాక స్క్రూని మళ్ళీ పావు చుట్టు వెనక్కి పెట్టేయడం మర్చిపోవద్దు.

కేబుల్ మళ్ళీ కట్టేటప్పుడు బ్యారెల్ అడ్జస్టర్‌ని (కేబుల్ బిగువు సరిచేసే చిన్న మర) పూర్తిగా లోపలికి బిగించి, ఒక చుట్టు మాత్రం బయటికి తెచ్చి, షిఫ్టర్‌ని అన్నిటికన్నా కింది క్లిక్‌లో ఉంచి, చేత్తో కేబుల్ వదులు లేకుండా లాగి బోల్ట్ బిగించండి. ప్లయర్‌తో బలం కొద్దీ లాగొద్దు. తర్వాత ఫ్రేమ్ వెంట బయటికి కనిపించే కేబుల్‌ని పట్టుకుని రెండు మూడు సార్లు పక్కకి గుంజండి, అవుటర్ ముక్కలన్నీ వాటి వాటి గూళ్ళలో కూర్చుంటాయి, అప్పుడు వచ్చిన వదులుని మళ్ళీ తీయండి. ఫ్రేమ్ లోపలి నుంచి కేబుల్ వెళ్ళే సైకిల్ అయితే గుంజడానికి ఏమీ దొరకదు, పెద్ద రింగు క్లిక్‌లో పెట్టి లివర్‌ని ఇంకాస్త తోసి పట్టుకుంటే అదే పని జరుగుతుంది.

మరీ వదులుగా ఉన్నా మనిషికి బరువుగానే అనిపిస్తుంది, అది వేరే రకం. లివర్ మొదట ఉత్తుత్తిగా కదిలిపోతుంది, ఆ తర్వాత కేజ్ చైన్‌ని రాసుకుంటుంది కానీ చైన్ ఎక్కదు, మీరు చేతకాదేమో అనుకుని నొక్కి పడతారు. బ్యారెల్ అడ్జస్టర్‌ని అర చుట్టు చొప్పున బయటికి తిప్పుతూ చూడండి.

పదకొండు స్పీడ్ షిమానో డబుల్ షిఫ్టర్లలో ముందు గేరుకి రెండు కాదు, నాలుగు క్లిక్‌లు ఉంటాయి, చిన్న రింగుకి రెండు, పెద్ద రింగుకి రెండు. మధ్యలో ఉన్నవి ట్రిమ్ కోసం, చైన్ అడ్డంగా వెళ్ళినప్పుడు కేజ్‌కి రాసుకోకుండా కొద్దిగా జరపడానికి. బిగువు సరి చూడాల్సింది పెద్ద రింగు ట్రిమ్ క్లిక్‌లో: ముందు పెద్ద రింగు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం, లోపలి లివర్ మెల్లగా ఒక్కసారి నొక్కితే కేజ్ కొంచెం లోపలికి వస్తుంది, అప్పుడు లోపలి రేకుకీ చైన్‌కీ సందు మళ్ళీ 0 నుంచి 0.5 ఎంఎం. ఇది కుదిరితే మిగతా క్లిక్‌లు వాటంతట అవే కుదురుతాయి.

బోల్ట్ దగ్గర కేబుల్ ఏ వైపు ఉంది

ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళూ తొందరలో చూడరు. డీరైలర్ చేతి మీద కేబుల్ నొక్కే బోల్ట్ ఉంది కదా, కేబుల్ దానికి ఏ పక్క నుంచి వెళ్తుందనే దాన్ని బట్టి ఆ చేతి పొడవు మారిపోతుంది. తప్పు పక్క నుంచి వెళ్తే కొన్ని మిల్లీమీటర్లే తేడా, కానీ తలుపుని బందుల దగ్గర చెయ్యి పెట్టి తోసినట్టు అవుతుంది. వాషర్ మీద, చేతి మీద సన్నటి గాడి ఉంటుంది, కేబుల్ ఆ గాడిలోనే కూర్చోవాలి.

షిమానోలో 5800, 6800, 9000 తరం డీరైలర్లు (105, అల్టెగ్రా, డ్యూరా ఏస్ మొదటి పదకొండు స్పీడ్) పొడుగు చెయ్యి రకం. ఆ పొడుగు చెయ్యి పెట్టిందే లివర్ తేలికవ్వాలని. కానీ వాటిలో ఒక చిన్న పిన్ను ఉంటుంది, ఫ్రేమ్‌లోంచి కేబుల్ వచ్చే కోణాన్ని బట్టి ఆ పిన్నుని ఈ వైపో ఆ వైపో పెట్టుకోవాలి. దానికి టీఎల్-ఎఫ్‌డీ68 అని చిన్న ప్లాస్టిక్ గేజ్ కూడా ఉంది. అది తప్పుగా ఉంటే పొడుగు చెయ్యి ఉండి కూడా లాభం ఉండదు. ఆ తర్వాత వచ్చిన ఆర్7000, ఆర్8000, ఆర్9100 వాటిలో ఆ పొడుగు చెయ్యి తీసేసి, కేబుల్ బిగువు స్క్రూ డీరైలర్‌లోనే పెట్టారు, అలెన్ కీతో తిప్పడమే. వాటిలో ఫ్రేమ్‌కి ఆనుకునే సపోర్ట్ బోల్ట్ ఒకటి ఉంటుంది, దాన్ని ఆనించకుండా వదిలేస్తే మీరు లివర్ తోసినప్పుడల్లా డీరైలర్ మొత్తం మెలి తిరుగుతుంది, వేలి బలం అందులోనే పోతుంది.

మీరు ఫ్లాట్ బార్ నుంచి మారానన్నారు కాబట్టి ఒక అనుమానం. కొత్త సైకిల్ కొన్నారా, పాత సైకిల్‌కే డ్రాప్ బార్ వేయించారా? రెండోదైతే డీరైలర్ మౌంటైన్ సైకిల్ రకం ఉండిపోయిందేమో చూడండి. రోడ్ షిఫ్టర్ ఒక్కో మార్పుకి లాగే కేబుల్ కొలత వేరు, మౌంటైన్ డీరైలర్‌కి కావాల్సింది వేరు. అప్పుడు పైన చెప్పినవేవీ పని చెయ్యవు, రోడ్ డీరైలర్ వేయాల్సిందే.

ఇప్పుడు చేతుల సంగతి

ఇవన్నీ సరిచేశాక ఇంకా కష్టంగా ఉంటేనే ఇక్కడికి రండి. షిమానో ఎడమ లివర్‌లో పెద్ద రింగుకి వెళ్ళాలంటే బ్రేక్ లివర్ మొత్తాన్నే లోపలికి తోయాలి, అది తిరిగే ఇరుసు పైన, హుడ్ (చెయ్యి ఆనించే రబ్బరు తొడుగు ఉన్న భాగం) దగ్గర ఉంటుంది. వేలు ఇరుసుకి ఎంత కింద పెడితే అంత తేలిక. చిన్న చేతులున్నవాళ్ళు హుడ్ మీద చెయ్యి పెట్టి అందినచోట, అంటే పైనే, తోస్తారు, అదే లివర్‌ని రెండు మూడు సెంటీమీటర్లు కింద తోస్తే తేడా మీకే తెలుస్తుంది. కింది డ్రాప్స్ (బార్ కింది వంపు) పట్టుకుని ఒకసారి మార్చి చూడండి, అక్కడ తేలిగ్గా ఉండి హుడ్స్ మీద బరువుగా ఉంటే మీ సమస్యలో పెద్ద భాగం అందుబాటే.

అప్పుడు రీచ్ స్క్రూ. చాలా లివర్లలో బ్రేక్ నొక్కి పట్టుకుని లోపలికి చూస్తే చిన్న స్క్రూ కనిపిస్తుంది, కొన్నిటిలో పైన రబ్బరు లేపితే ముందు వైపు ఉంటుంది, కొన్ని పాత మోడళ్ళలో స్క్రూ బదులు మధ్యలో దూర్చే చిన్న ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. లివర్‌ని దగ్గరికి తెచ్చినప్పుడల్లా బ్రేక్ గట్టిగా నొక్కి లివర్ బార్‌కి తగలట్లేదని చూసుకోవాలి. తగులుతుంటే బ్రేక్ కేబుల్ బిగించుకోవాలి, లేదా లివర్‌ని మళ్ళీ కొంచెం దూరం జరపాలి. గేరు కోసం బ్రేక్ పోగొట్టుకోవద్దు.

హుడ్ ఉన్న చోటు కూడా మార్చుకోవచ్చు. రబ్బరు ముడిచి చూస్తే బయటి పక్కన క్లాంప్ బోల్ట్ ఉంటుంది, షిమానోలో ఎక్కువగా 5 ఎంఎం అలెన్ కీ, బిగువు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు, బార్ కార్బన్ అయితే బార్ తయారీదారు చెప్పిన లెక్కే ఫైనల్. బార్ వంపులో హుడ్ మరీ కిందికి జారి ఉంటే మణికట్టు ముందుకి వంగిపోయి వేళ్ళకి బలం ఉండదు. కొంచెం పైకి తెచ్చి, ముందు కొసని కాస్త లోపలికి తిప్పితే మణికట్టు తిన్నగా వస్తుంది. ఎక్కువ పైకి జరిపితే టేప్ కింద కేబుల్ లాగుకుపోతుంది, అందుకని పని టేప్ విప్పి చెయ్యడమే పద్ధతి. మీలాగే చిన్న చేతులున్న ఒకావిడకి కేబుల్, డీరైలర్ అన్నీ బాగానే ఉన్నాయి, హుడ్స్ ఒక వేలు మందం పైకి తెచ్చి రీచ్ దగ్గరికి తేగానే "ఇప్పుడు తోయగలుగుతున్నా, కానీ ఇంకా నొప్పి" అంది. గమనిస్తే ఒక్క చూపుడు వేలితో తోస్తోంది. చూపుడు వేలు, మధ్య వేలు రెండూ లివర్ కింది భాగంలో పెట్టి, వేళ్ళతో కాకుండా మణికట్టు నుంచి చెయ్యి మొత్తం లోపలికి తిప్పమన్నాను. నొప్పి ఆ తర్వాత తగ్గింది.

తొక్కే పద్ధతి గురించి కూడా. ఎత్తు మొదలయ్యాక పెడల్ మీద నిలబడి బలంగా తొక్కుతూ మారిస్తే ఎవరికైనా బరువే, పైన చెప్పిన బిగువు చైన్ సంగతి అదే. మార్చే ముందు ఒక్క క్షణం కాళ్ళు తిరుగుతూనే ఉండాలి కానీ ఒత్తిడి తగ్గించాలి. వెనక చైన్‌ని క్యాసెట్ (వెనక పళ్ళచక్రాల గుత్తి) మధ్యలోకి తెచ్చుకుని మార్చండి, అన్నిటికన్నా పెద్ద పళ్ళచక్రం మీద నుంచి ముందు పెద్ద రింగుకి ఎక్కించొద్దు. లివర్‌ని టక్కున కొట్టి వదిలేయకండి, ఒకే ఊపులో తోసి చైన్ పూర్తిగా ఎక్కేదాకా పట్టుకోండి. బలం చాలట్లేదనుకుంటే ట్రిమ్ క్లిక్ వాడుకోండి: చిన్న రింగులో లోపలి క్లిక్‌లో ఉన్నారంటే ముందు ఒక చిన్న తోపుతో బయటి క్లిక్‌కి తెచ్చుకుని, ఆ తర్వాత పెద్ద తోపు తోయండి, దూరం రెండు విడతలవుతుంది.

పెద్ద రింగు అరిగిపోయినా ఇదే బాధ. దాని లోపలి ముఖం మీద చైన్‌ని ఎత్తడానికి చిన్న మెట్లు, పిన్నులు ఉంటాయి, అవి నున్నగా అయిపోతే చైన్ పట్టు దొరక్క జారుతుంది. రింగు ఎప్పుడైనా విప్పి మళ్ళీ బిగించి ఉంటే సరైన దిశలో ఉందా చూడండి, బయటికి పొడుచుకొచ్చిన పిన్ను క్రాంక్ చెయ్యి వెనకే రావాలి. వేరే చోట ఉంటే ఆ మెట్లన్నీ తప్పు చోట్లకి వెళ్ళిపోయినట్టే.

వేళ్ళ కీళ్ళ నొప్పులో, మణికట్టు సమస్యో నిజంగా ఉంటే, ఇవన్నీ చేసినా చాలకపోతే దారులు రెండున్నాయి. ముందు ఒకటే రింగు పెట్టుకుని ఎడమ షిఫ్టర్ పనే లేకుండా చేసుకోవడం, గేర్ల మధ్య దూరం పెరుగుతుంది, మీరు తిరిగే రోడ్లకి సరిపోతే హాయి. లేదా ఎలక్ట్రానిక్ గేర్లు, షిమానో డీఐ2 2009 నుంచీ ఉంది, బటన్ నొక్కితే మోటారే తోస్తుంది, ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. కేబుల్ షిఫ్టర్లలోనే వేరే కంపెనీది చూద్దామనుకుంటే కొనేముందు చేత్తో తోసి చూడండి: స్రామ్‌లో బ్రేక్ లివర్ కదలదు, వెనక ఉన్న చిన్న రెక్కనే దూరం తోయాలి, కాంపాగ్నోలోలో కూడా బ్రేక్ వెనక వేరే లివర్, కిందకి దించడానికి బొటనవేలి బటన్. కొన్ని చేతులకి అవి నప్పుతాయి, కొన్నిటికి అసలు నప్పవు. ఎడమ షిఫ్టర్ ఒక్కటే మార్చేద్దాం అనుకుంటే డీరైలర్ కూడా దానికి జతదే కావాలి, లేదంటే కేబుల్ లాగుడు మళ్ళీ కుదరదు.

ముందు కేబుల్ తీసి ఆ మొదటి పరీక్ష చేసి, కేబుల్ బరువా డీరైలర్ బరువా, లివర్ మొదట్లో ఆగుతోందా ఆఖర్లో ఆగుతోందా రాయండి. డీరైలర్ మీద ఎఫ్‌డీ అని మొదలయ్యే నంబర్ అచ్చు ఉంటుంది, ఎక్కువగా లోపలి వైపు, గుడ్డతో తుడిస్తే కనపడుతుంది. అదీ పెడితే మీ దాంట్లో ఏ స్క్రూ ఎక్కడుందో, ఆ పిన్ను గొడవ మీకుందో లేదో చెప్తాను.